దండం వద్దు, బ్రేకెయ్యి

ఎవరో ఆడమనిషి లారీ కింద పడ్డదన్న కేక వినగానే మొగిలమ్మ చేతిలోని కంకర గంప జారిపోయింది. ఆమె మనసు ఎప్పుడూ చెడు వైపే ఉరుకుతుంది. కూతురు సుకన్య అటు చివర ఎర్రజెండా పట్టుకుని నిలబడింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే, పడి ఉన్నది తోటి కూలీ సుగుణ. తన బిడ్డ కాదని మొగిలమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే ఆ ఊపిరికే సిగ్గుపడింది. సుగుణ కూడా ఒక తల్లి కన్న బిడ్డే.

మేడారం జాతర దగ్గరపడుతోంది. ఆలోపు ములుగు రోడ్డు గుంతలన్నీ పూడ్చాలని కాంట్రాక్టర్ తొందర. ఒక పక్క తారు పోస్తుంటే మరో పక్క జాతర బండ్లు దూసుకుపోతున్నాయి. బండ్లకు అడ్డంగా పెట్టే కోన్లు కావాలని, మెరిసే లైట్లు కావాలని కూలీలు అడుగుతూనే ఉన్నారు. రాలేదు. చివరికి ఆడవాళ్ళే వేపకొమ్మ విరిచి బండ్లకు గుర్తుగా సుకన్య నిలబడే చోట నాటారు. సుగుణ అమ్మవారికని కొనుక్కున్న ఎర్ర రవికగుడ్డ దానికి కట్టింది. బండ్లలో పోయేవాళ్ళు అది అమ్మవారి మొక్కు అనుకున్నారు. చేతులు జోడించారు, కిటికీల్లోంచి బెల్లం ముక్కలు విసిరారు. ఒక్క డ్రైవరూ వేగం తగ్గించలేదు.

నెత్తురు ఆరకముందే కాంట్రాక్టర్ వ్యాను వచ్చింది. సూపర్‌వైజర్ మహిపాల్ కోన్లు దించి శవం చుట్టూ పేర్చాడు. వాటి ప్లాస్టిక్ కవర్లు అప్పుడే చింపాడు. లైట్లు వేశాడు. వేపకొమ్మను కాలితో కాలువలోకి తన్నాడు.

"పోలీసులొస్తాండ్రు. కోన్లు పొద్దుగాలనే పెట్టినమని చెప్పుండ్రి. ఆమెనే దాటి అవుతలికి పోయిందనుండ్రి" అన్నాడు.

"సచ్చినంక దొరికినయా సారూ కోన్లు?" సుకన్య అడిగింది. "మొన్న అడిగితే గోదాంల లేవంటివి."

"నోరు జర బందు పెట్టు. రేపు పనికి రావా ఏంది?"

మొగిలమ్మ కూతురి చెయ్యి పట్టి లాగింది. "ఊకో బిడ్డా. నిన్ను ఠాణాల ఏస్తే నేనేం గావాలె?"

"ఇయ్యాల సుగుణక్క, అవ్వా. రేపు నేనే."

రోజూ మొగిలమ్మ మనసులో మెదిలే మాట అది. తాను ఎన్నడూ పైకి అనలేదు. కూతురే అనేసింది.

పోలీసులు వచ్చారు. కోన్లతో సహా ఫోటోలు తీశారు. కూలీలను ఒక్క మాట అడగలేదు. శవాన్ని దవాఖానకు పంపించారు. అంబులెన్స్ కదలగానే మహిపాల్ కోన్లు తిరిగి వ్యానులో పడేయడం మొదలుపెట్టాడు.

"ఘన్‌పూర్ కాడ ఇంజనీర్ సారు చూడనీకి వస్తాండు. ఇవి ఆడ కావాలె."

మొగిలమ్మ ఒక కోన్‌ను గుంజుకుని, రోడ్డు మీదే కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది.

"లే ముసల్దానా."

"లేవ. నా బిడ్డ నిలబడేది ఈడ. నీకు భయం లేదు గదా, కోన్ లేకుంట నువ్వే నిలబడు."

మరో కూలీ పూలమ్మ ఇంకో కోన్ లాక్కుని పక్కనే కూలబడింది. "ఇన్నొద్దులు కాళ్ళు మొక్కినా రాలే. గిప్పుడు ఒళ్ళెకే వచ్చినయ్. ఇడుస్తమా?"

నర్సయ్య తారు డబ్బా కింద మంట ఆర్పేశాడు. మగవాళ్ళు పారలు పడేసి వచ్చి కూర్చున్నారు.

"రోడ్డు ఖాళీ చెయ్యుండ్రి" ఎస్సై అరిచాడు.

"కోన్లు ఎప్పుడొచ్చినయో మమ్ముల అడిగి రాసుకో సారూ. అప్పుడు లేస్తం" అంది సుకన్య.

ఎస్సై ఆమె జబ్బ పట్టి ఈడ్చి జీపులో వేయించాడు. జెండా కింద పడింది. మొగిలమ్మ ఇన్నేళ్ళూ దేనికి భయపడిందో అదే కళ్ళముందు జరిగింది. ఇక భయపడటానికి కొత్తగా ఏమీ మిగల్లేదు. ఆమె లేచి తన కోన్‌ను జీపు ముందు పెట్టింది. ఆ వరుసలో పూలమ్మ పెట్టింది, మిగతావాళ్ళు వ్యానులోని కోన్లు, లైట్లు దించి పేర్చారు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రోడ్డు మూసుకుపోయింది. వాటి మధ్య లైట్లు ఎర్రగా మెరుస్తున్నాయి.

జాతర బస్సు వస్తోంది. అద్దం వెనక ఎవరో చేతులు జోడిస్తున్నారు. మొగిలమ్మ జెండా అందుకుని బస్సుకు ఎదురు నడిచింది.

"దండం వద్దు కొడుకా. బ్రేకెయ్యి."

బస్సు ఆగింది. దాని వెనక లారీ ఆగింది. నర్సయ్య కాలువలోకి దిగి సుగుణ ఎర్రగుడ్డ వెతికి తెచ్చి, జీపు ముందున్న కోన్‌కు ముడి వేశాడు. జీపు హారన్ మోగుతూనే ఉంది. ఎవరూ జరగలేదు.