కటింగ్ బల్ల

కూతురు చీపురు పట్టిందంటే ఇంట్లో ఇంకెవరి మాటా చెల్లదు. రెండు రోజులుండి వెళ్దామని శనివారం పొద్దున్నే వచ్చి, ఒంటరిగా ఉంటున్న తండ్రి ఇంటి మీద దండయాత్ర మొదలుపెట్టింది.

తండ్రి నలభై ఏళ్ళు దర్జీ పని చేశాడు. దుకాణం మూసి తొమ్మిదేళ్ళయినా సామానంతా ఇంట్లోనే ఉంది. మంచం పక్కన కుట్టుమిషను, ఆ తర్వాత పేలికల మూట, నడవాలో సగం మింగేసిన కటింగ్ బల్ల, స్నానాలగది గుమ్మం దగ్గర ఇనపపెట్టె. ఒళ్ళు పక్కకు తిప్పితే గానీ మనిషి నడవలేడు.

పోయిన నెల ఆయన గడప దగ్గర పడి మోచెయ్యి చీరుకున్నాడు. అప్పుడే అన్నయ్య తేల్చి చెప్పేశాడు, ఇంకొక్కసారి పడితే వృద్ధాశ్రమమేనని. ఈ ఇల్లు వదిలితే నాన్న మూణ్ణాళ్ళు కూడా బతకడని ఆమె భయం. దారిలో అడ్డాలు తీసేస్తే పడడు, పడకపోతే ఇక్కడే ఉంటాడు. అందుకే ఈ హడావుడంతా.

"ఆ బల్ల మాత్రం కదపకమ్మా," అన్నాడు తండ్రి.

"ఇప్పుడెవరికి కత్తిరించాలి నాన్నా?"

"దాని మానాన అది ఉంటుందిలే."

"నీ మానాన నువ్వుండాలంటే అది పోవాలి."

ఆయన ఊరుకున్నాడు. మామూలుగా ఒక్క మాటకు పది మాటలు చెప్పే మనిషి. ఆమెకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఒప్పుకున్నాడనుకుని సంబరపడింది. మధ్యాహ్నానికల్లా పాత సామాన్లవాడు బల్ల ఊడదీసి బండెక్కించాడు. మిగతావన్నీ వరండాలోకి చేరాయి. ఖాళీ నడవాను ఫోటో తీసి అన్నయ్యకు పంపింది.

ఆదివారం పొద్దున వంటింట్లో పాలు కాస్తుంటే ధబ్బుమని చప్పుడైంది.

నడవా మధ్యలో తండ్రి బోర్లా పడి ఉన్నాడు. పెదవి చిట్లింది. కుడిచెయ్యి ఇంకా పక్కకు చాచే ఉంది.

"ఏముందని పడ్డావు నాన్నా ఇక్కడ!"

"ఏమీ లేకే పడ్డాను."

లేపి కూర్చోబెట్టి నీళ్ళగ్లాసు అందించింది. ఆయన చెయ్యి గ్లాసుకు జానెడు పక్కన తడుముకుంది. ఆమె ఆయన కళ్ళలోకి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది పైనే. వెలుతురు తెలుస్తుంది, అంతే. ఇక లాభం లేదన్నాడు డాక్టరు. మిషను నుంచి మూటకు రెండడుగులు, మూట నుంచి బల్లకు మూడు. బల్ల అంచు పట్టుకుంటే పెట్టె దాకా అదే తీసుకెళ్ళేది."

"నాతో చెప్పకూడదా?"

"నీతో చెప్తే మీ అన్నయ్యతో చెప్పినట్టేగా."

ఆమెకు నాన్నను తన చేతుల్తో తానే తోసేసినట్టనిపించింది. వరండాలోని సామాన్లు ఒక్కొక్కటీ ఈడ్చుకొచ్చి ఆయన చెప్పిన చోట పెట్టింది. దర్జీ కదా, "ఇంకో రెండు వేళ్ళు ఇటు" అంటూ సరిచేయించాడు. ఫోను చేసి బల్ల సంగతి అడిగితే పాత సామాన్లవాడు అప్పుడే ముక్కలు చేసేశానన్నాడు.

బల్ల ఉండాల్సిన చోట తనే నిలబడింది. తండ్రి మిషను తడిమాడు, మూట తడిమాడు, మూడడుగులేసి చెయ్యి చాచాడు. అది వచ్చి ఆమె భుజం మీద ఆగింది.

"బల్ల ఎత్తు పెరిగిందే," అన్నాడు.

ఆమె నవ్వబోతుంటే అన్నయ్య ఫోను వచ్చింది. ఫోటో బాగుందట. వీడియోలో నాన్నను చూపించమన్నాడు. భుజం మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"పడ్డాడన్నయ్యా. పెదవి చిట్లింది. నేను నేల తుడిచి ఆరకముందే నడవనిచ్చాను. తప్పు నాదే."

అన్నయ్య చెడామడా తిట్టాడు. ఆ తిట్లన్నీ పడింది, ఆశ్రమం మాట మాత్రం రాలేదు. ఫోను పెట్టేశాక చూస్తే తండ్రి చెయ్యి భుజం మీద లేదు. ఆయన ఒక్కడే గాల్లో తడుముకుంటూ పెట్టె వైపు నడుస్తున్నాడు. ఇనుము మీద వేళ్ళు తగిలిన చప్పుడు వినేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

రేపు ఆ చప్పుడు వినడానికి తను ఇక్కడ ఉండదు.