ఆఖరి గల్లీలో ఒక్క డ్రమ్ము

బడ్జెట్ మీటింగు రోజున కాంట్రాక్టరు మమ్మల్ని, టాంకరు డ్రైవర్లను, మున్సిపల్ ఆఫీసుకు తీసుకువెళ్తాడు. అక్కడ మాకు పనేమీ ఉండదు. హాలు బయట వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. సభ్యుల్లో ఎవరైనా లేచి మా కాలనీకి నీళ్ళు రాలేదంటే, వెళ్ళాయని చెప్పడానికి ఒక మనిషి కావాలి. నాలుగేళ్ళలో నన్ను ఎప్పుడూ లోపలికి పిలవలేదు. ఈ మార్చిలో పిలిచారు.

మా మున్సిపాలిటీ ఎల్బీ నగర్ దాటాక ఉంటుంది. కొన్ని ఊళ్ళు కలిపి చేశారు. మొన్నమొన్నటి దాకా జొన్న చేన్లు ఉన్న చోట ఇప్పుడు కాలనీలు. పైపులైను అందని గల్లీలకు రోజు విడిచి రోజు టాంకరు వెళ్తుంది. బండి కాంట్రాక్టరు దశరథది. తోలేది నేను. మాది మిర్యాలగూడ దిక్కు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఎల్బీ నగర్‌లో మోటారు మెకానిక్‌ల సందులో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను.

మీటింగుకు మూడు రోజుల ముందు దశరథ అజెండా కాగితం తెచ్చి చూపించాడు. ముప్పై ఒక్క అంశాలు. ఏడో అంశం కింద గోటితో గీత గీశాడు. పైపులైను పని పూర్తయినందున ఏప్రిల్ ఒకటి నుంచి టాంకర్ల సరఫరా రద్దు చేయుట గురించి.

"ఇగ నీళ్ళ ట్రిప్పులు బందు సైదులూ. పరేషాన్ గాకు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుల మొక్కలకు నీళ్ళు పోసే పని దొరికింది. నిన్ను గా బండి మీద పెడుత," అన్నాడు.

"మంచిది," అన్నాను.

ఆయన దిగులు బండి గురించి. నా దిగులు ఆఖరి గల్లీ గురించి.

ఆ గల్లీలో తొమ్మిది ఇళ్ళు. చివరిది వేదవతిగారిది. తల్లి సీతామహాలక్ష్మిగారు, ఆమె, ఇద్దరే ఉంటారు. తెనాలి దగ్గరి నుంచి వచ్చి చాలా ఏళ్ళయిందట. వేదవతిగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో పరీక్ష పేపర్లు దిద్దుతారు. పెళ్ళి సంగతి నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మెడ ఖాళీగా ఉండడం మాత్రం చూశాను.

ప్రతి ట్రిప్పుకూ ఒక చీటీ ఉంటుంది. నీళ్ళు ముట్టాయని గల్లీలో ఒకరు దాని మీద సంతకం చేయాలి. సంతకం అనేసరికి అందరూ వెనక్కి జరుగుతారు. రేపు ఏ లొల్లి మీదికొస్తుందో అని భయం. మొదటి రోజు కూడా అలాగే జరిగారు. ఆమె వచ్చి చీటీ తీసుకుని, పై నుంచి కింది దాకా చదివి, టాంకరు తడిగా ఉందని తన చేతిలోని ఫైలు కింద పెట్టుకుని సంతకం చేశారు.

"మీ పేరేంటండీ?"

"సైదులు."

"సైదులుగారూ, ఆ పైపు కాస్త ఇటు తిప్పండి. ముసలావిడ తడుస్తోంది."

నా పేరు వెనక గారు అని అంతకుముందు ఎవరూ అనలేదు. ఊళ్ళో సైదిగాణ్ణి. ఇక్కడ ఏయ్ టాంకర్‌ని. ఆ రోజు బండి తోలుకుపోతూ ఒక మలుపు దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చాను.

తర్వాత నేను రూటు మార్చాను. ముందు దగ్గరి కాలనీలు, అన్నింటి కన్నా చివర ఆ గల్లీ. అప్పటికి టాంకరులో నీళ్ళు అడుగుకు వస్తాయి. పైపులో జోరు ఉండదు. జోరు ఉంటే డ్రమ్ము రెండు నిమిషాల్లో నిండుతుంది. లేకపోతే పన్నెండు నిమిషాలు పడుతుంది.

ఆ పన్నెండు నిమిషాల్లో పెద్ద మాటలేమీ ఉండేవి కావు. మీ ఊళ్ళో వానలు పడ్డాయా అని ఆమె అడిగేది. పడ్డాయనో లేదనో చెప్పేవాణ్ణి. ఒకసారి పేపరు చేతిలో పట్టుకునే వచ్చింది.

"ఆరుద్ర కార్తె ఎప్పుడొస్తుందండీ?"

"మిరుగు కార్తె పోయినంక. జూన్ ఇరవై రెండు ఆ దగ్గర."

"చూశారా! మా దగ్గర నలుగురు లెక్చరర్లు నిన్నంతా దీని మీద తగువులాడారు. వాళ్ళ జీతం మీకివ్వాలి."

"ఇస్తె ఒద్దంటనా మేడం," అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు రెండు వారాలు వచ్చింది నాకు.

పోయిన దసరా నుంచి గల్లీలో నల్లాలు ఇవ్వడం మొదలైంది. తొమ్మిది ఇళ్ళ డ్రమ్ములు ఆరయ్యాయి, మూడయ్యాయి. జనవరి ఆఖరుకు ఒక్కటే మిగిలింది. నీలం డ్రమ్ము, ఆమెది.

"మా ఇంటికి ఇంకా ఇవ్వలేదండీ," అంది ఆమె, డ్రమ్ములోకి చూస్తూ.

నమ్మాను. కానీ నేను వెళ్ళేసరికి గోడ పక్క మొక్కల మొదళ్ళు తడిగా ఉండేవి. మెట్లు కడిగి ఉండేవి. మొన్నటి నీళ్ళు దాచుకుని వాడుకుంటున్నారు కాబోలు, పొదుపు మనుషులు అనుకున్నాను. మా ఊళ్ళో ఎద్దు నడక చూసి ఏ కాలు నొస్తుందో చెప్పేవాణ్ణి. ఆ తడి మాత్రం నాకు ఏమీ చెప్పలేదు.

మీటింగు పదకొండుకు మొదలైంది. తలుపు తెరిచే ఉంది. మైకు మాటలు వరండా అంతా వినిపిస్తున్నాయి. చైర్‌పర్సన్ అంశం చదివించడం, సభ్యులు బల్లలు చరచడం, ఆమోదం. వీధి దీపాలు, ఆమోదం. శ్మశానవాటికకు ప్రహరీ, ఆమోదం. బల్ల చరుపుకు ముందు ఎవరైనా ఒక మాట అంటే ఆ అంశం కాసేపు ఆగుతుంది. ఎవరూ అనకపోతే సంవత్సరం పని అర నిమిషంలో అయిపోతుంది.

ఏడో అంశం దగ్గర పూలమ్మ లేచింది. ఆఖరి గల్లీ ఆమె వార్డులోదే. కూరగాయలమ్మి గెలిచిన మనిషి, గొంతుకు మైకు అక్కరలేదు.

"పైపులేసిండ్రు, సరే. నీళ్ళేయి? మా వార్డుకు టాంకర్ బందు పెడితే నేను ఒప్పుకోను. జనం నా ఇంటి ముంగట బిందెలు పెడ్తరు."

"మేడం, మీ వార్డుల అన్ని ఇండ్లకు కనెక్షన్ ఇచ్చినం. నీళ్ళు గూడ ఒస్తున్నయి. లిస్టు సదువుత ఇనుండ్రి," అన్నాడు ఇంజినీరు శైలేందర్. కుర్ర మనిషి, కాగితాలు వరసగా పెట్టుకుని వస్తాడు. చదువుతూ పోయాడు. "ఆఖరి గల్లీ, తొమ్మిది ఇండ్లు. లాస్ట్ కనెక్షన్ జనవరి పందొమ్మిది. యజమాని పేరు సీతామహాలక్ష్మి."

బెంచీ మీద నా పక్కన దశరథ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. జనవరి పందొమ్మిది. అంటే రెండు నెలలు. తడి మెట్లు, తడి మొదళ్ళు ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. ముప్పై పొద్దులు ఆమె డ్రమ్ము ఖాళీ చేసి బయట పెట్టింది. నీళ్ళ కోసం కాదు.

ఆ సంతోషాన్ని కాసేపు ఎక్కడైనా కూర్చుని చూసుకోవాలనిపించింది. అంత సమయం ఇవ్వలేదు.

"ఒక మాట మేడం," అన్నాడు శైలేందర్. "గా గల్లీకి ఇప్పటికీ టాంకర్ పోతుంది. ఒక్క డ్రమ్ము కోసం. చీటీల మీద సంతకం గా ఇంటామెదే. వేదవతి అంట."

"నల్లా ఉండంగ టాంకరెందుకయ్యా?" అన్నాడు ఒక సభ్యుడు.

"నీళ్ళమ్ముకుంటుందేమో!"

"డ్రమ్ముల ఈత కొడుతుందేమో!"

హాలంతా నవ్వింది. పూలమ్మ బల్ల మీద అరచేత్తో కొట్టింది. "నోరు ముయ్యుండ్రి! ఆడామె పేరు మైకుల సదివి ఇకిలిస్తరా? మీ ఇండ్లల్ల లేరా ఆడోళ్ళు?"

చైర్‌పర్సన్ నవ్వలేదు. "డ్రైవర్ వచ్చాడా? పిలవండి," అంది.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఎవరూ విడవలేదని తర్వాత చూశాను. చల్లటి గది. అందరి ముందు నీళ్ళ సీసాలు ఉన్నాయి.

"ఆ ఇంటికి నీళ్ళు అవసరమా, కాదా? ఉన్నది చెప్పు."

పూలమ్మ నా వైపు చూసి కన్ను గీటింది. తలుపు దగ్గర దశరథ అరచేయి కిందికి ఊపుతున్నాడు, నల్లా సరిగా రావడం లేదని చెప్పు అన్నట్టు. ఆ ఒక్క మాట అంటే అంశం వచ్చే మీటింగుకు వాయిదా పడుతుంది. ఇంకో నెల. ఇంకో పదిహేను పొద్దులు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"వస్తలేదంటే చెప్పు," అన్నాడు శైలేందర్, "ఇప్పుడే లైన్‌మన్‌ను పంపి నల్లా తిప్పి సూడమంట. గా మేడంనే ఫోన్ల మాట్లాడిపిద్దాం."

అంటే లైన్‌మన్ ఆ గేటు తీస్తాడు. వాకిట్లో నిలబడి నల్లా తిప్పుతాడు. గల్లీ అంతా చూస్తుంది. నల్లా ఉంచుకుని టాంకరు వాడికి ఎందుకు ఎదురుచూశావని ఆమెను అడుగుతారు. దానికి ఆమె ఏం చెప్పాలి?

"నల్లా ఒస్తుంది సార్," అన్నాను. "తప్పు నాది. నల్లా ఒచ్చింది, ఇగ రావద్దని మేడం ఎప్పుడో చెప్పింది. నేనే పోయిన. సంతకం లేకుంటె నాకు ట్రిప్పు పడదని బతిమాలి పెట్టించిన."

"రావద్దంటే ఎందుకు పోయినవ్?"

"అలవాటయింది సార్."

మళ్ళీ నవ్వారు. ఈసారి నా మీద, అది ఫరవాలేదు. ఆ గల్లీ ట్రిప్పులు ఈ రోజు నుంచే బందు, ఆ డ్రైవరు మళ్ళీ మున్సిపాలిటీ బండి ఎక్కరాదు అని చైర్‌పర్సన్ రాయించింది. బల్లలు మోగాయి. నేను చెప్పులు వేసుకుంటుంటే ఎనిమిదో అంశం చదువుతున్నారు, పార్కులో సిమెంటు బెంచీల గురించి.

వరండాలో దశరథ నన్ను తినేశాడు. "సత్తెకాలపోడా! పూలమ్మ కన్ను కొట్టె, నేను చెయ్యి ఊపితి, నీకు కండ్లు లేవా? ఒక్క మాట అంటే నెల గడిచిపోతుండె. నువ్వు మనిషివా, మైలురాయివా?"

ఆయన కోపం కాసేపటికి దిగింది. సమోసా తెచ్చి నాకు సగం విరిచి ఇచ్చాడు. మొక్కల బండి ఈ మున్సిపాలిటీది కాదు, అది ఉందిలే అన్నాడు.

మర్నాడు ఆ గల్లీ వంతు రోజు. బండి లేదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కి, కాలనీ కమాన్ దగ్గర దిగి నడిచాను. బండి మీద ఎప్పుడూ కనబడని గుంతలు నడుస్తుంటే కనబడ్డాయి.

డ్రమ్ము గేటు బయట ఉంది, మూత తీసి. ఆమె మెట్ల మీద కాగితాలు చూసుకుంటోంది. నన్ను చూసి లేచింది. నా వెనక గల్లీ మొదటి దాకా చూసింది.

"బండేదండీ?"

"బందయింది మేడం. ఇగ రాదు."

"ఏప్రిల్ దాకా ఉంటుందన్నారుగా?"

"నిన్నటి నుంచే బందు పెట్టిండ్రు."

లోపలి నుంచి సీతామహాలక్ష్మిగారి గొంతు వచ్చింది. "వేదా! ఆ నల్లా కట్టెయ్యవే, తొట్టి పొంగి వాకిలంతా ఏరైపోతోంది! పొద్దున్నే ఆ గేటు దగ్గర ఏం రాచకార్యమే నీకు?"

ఆమె కదలలేదు. నీళ్ళు పొర్లుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది. ఇద్దరం ఖాళీ డ్రమ్ము వైపు చూశాం.

"మీకు తెలుసా?" అంది చిన్నగా.

"నిన్న తెలిసింది. మీటింగుల లిస్టు సదివిండ్రు."

"నా పేరు కూడా చదివారా?"

"లేదు మేడం. ఇంటి నంబరొక్కటే."

నేను ఆమెతో ఆడిన అబద్ధం అదొక్కటే. ఆమె నా ముఖం చూసింది. పేపర్లు దిద్దే మనిషి, తెలిసే ఉంటుంది.

"మిమ్మల్ని ఏమైనా అన్నారా?"

"నన్నేమంటరు."

అలవాటుగా చీటీ కోసం చేయి ముందుకు చాచింది. నా చేతిలో ఏమీ లేదు. ఆ చేయి కాసేపు అలాగే ఉండి, చీర కుచ్చిళ్ళ దగ్గరికి వెళ్ళింది. పట్టుకునేవాణ్ణే కానీ ఎదురింటి కిటికీ తెరిచి ఉంది.

"రేపటి నుంచి ఎక్కడండీ?"

"దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుల. మెట్రో పిల్లర్ల కింద మొక్కలకు. ఎనిమిదిన్నర దాక ఉంట."

"నేనూ ఆ రోడ్డు మీదే వెళ్తాను. ఎనిమిదింటి బస్సు." ఆగి మళ్ళీ అంది, "కూర్చోడానికి చోటు దొరకదనుకోండి."

డ్రమ్ము ఎత్తి గేటు లోపల పెట్టాను. నాలుగేళ్ళుగా నింపిన డ్రమ్ము అంత తేలికని తెలియదు. లోపల మళ్ళీ కేక వినబడింది. ఆమె నల్లా కట్టడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేదాకా ఉండడానికి నా దగ్గర ఏ పనీ లేదు.

ఇప్పుడు పదకొండు రోజులయింది. కొత్తపేట నుంచి మొదలుపెట్టి చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా మొక్కలు తడుపుతాను. ఎనిమిది దాటాక బస్సులు వరసగా వచ్చి సిగ్నల్ దగ్గర ఆగుతాయి. ముందు సగం ఆడవాళ్ళు. కిటికీ కిటికీ చూస్తాను. మొన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ కేకేశాడు, "ఓ పెద్దాయనా! ఒక్క మొక్కకే ఎంతసేపు పోస్తవ్? మొక్కనా, చెరువా?"

రెండుసార్లు కనబడింది. మొదటిసారి వీపు ఇటు పెట్టి, కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. నిన్న కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్ళో కాగితాలు లేవు. డివైడరు పొడుగునా చూసుకుంటూ వస్తోంది. నేను పిల్లరుకు అవతల ఉన్నాను. ఇవతలికి వచ్చేసరికి ఆమె చూపు ముందుకు వెళ్ళిపోయింది.

బస్సు నాలుగడుగుల దూరంలో ఉంది. పిలిస్తే వినబడుతుంది. మేడం అంటే బస్సులో సగం మంది తిరుగుతారు. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. పైపు కింద పెట్టి, నోట్లోనే ఒకసారి అనుకుని, పైకి అనబోయేసరికి సిగ్నల్ పడి బస్సు కదిలింది.