ఒక్క పాయింటుకి ఒక్క ముక్క

నన్ను నిలువునా రెండుగా కోయాలని ప్రపంచ గుత్తాధిపత్య నిరోధక సంఘం తీర్పిస్తుంది. రంపం పట్టుకొచ్చిన అధికారి దొరబాబు గారు మర్యాదస్తులు. చెప్పులు కబడ్డీ బరి బయటే విప్పుతారు.

నా నేరం చిన్నదేమీ కాదు. ఇక్కడి లీగులోనూ, ఇరాన్, కొరియా లీగుల్లోనూ నేను తాకినవాళ్ళు ఔటై వెళ్ళి మళ్ళీ రావడం లేదు. వాళ్ళ ఊపిరంతా నా రొమ్ములో చేరిపోతోంది. ఇప్పుడు ఏ దేశపు బరిలోనైనా నేనొక్కణ్ణే ఆడుతున్నాను.

"పోటీ ఉండాలి కదండీ," అంటూ దొరబాబు గారు రంపాన్ని నా నడినెత్తిన ఆనిస్తారు. "మీరే ఇద్దరైపోతే సరిపోద్దండి."

గ్యాలరీ మొదటి వరసలోంచి నా భార్య వరాలు అరుస్తుంది. "నాకు మొత్తం మనిషి కావాలండీ! సగం మొగుణ్ణేం చేసుకోను?"

"దానికి వేరే సెక్షనుందమ్మా."

రంపం ముక్కు దాటి, గడ్డం దాటి, రొమ్ములోకి దిగుతుంది. గీతల మధ్య నెత్తురు మడుగు కడుతుంది. అబద్ధమెందుకు, నొప్పికి ప్రాణం పోతోంది. గుండె ఎడమ సగానికి వెళుతుంది. నేను కుడి సగంలో ఉండిపోతాను.

ఆ తర్వాత రోజూ మాకు మాకే ఆట. నేను వాడి పక్కటెముకలు విరుస్తాను. వాడు నా చెవి కొరికి పట్టుకుపోతాడు. జనం టికెట్లకి ఎగబడతారు. పోటీ బాగుందని సంఘం మెచ్చుకుంటుంది.

ఒక సాయంత్రం నడిమి గీత దగ్గర అలిసిపోయి ఒకరి మీద ఒకరం వాలతాం. అతుకు సరిగ్గా కుదురుతుంది. నాకు ఏడుపొస్తుంది.

దొరబాబు గారు ఈల వేస్తారు. "కుమ్మక్కయ్యారండి! ముందు ఒప్పుకున్నోరికి శిక్ష మాఫీ."

నోరు తెరుస్తాను. సగం పెదవుల్లోంచి గాలి తప్ప ఏమీ రాదు. వాడికీ అంతే. మాట రావాలంటే రెండు సగాలూ కలవాలి. కలిసి, "ఒప్పుకుంటున్నాం," అంటాం.

"మళ్ళీ కలిశారు చూడండి," అని ఆయన నిజంగానే బాధపడి గొడ్డలి అందుకుంటారు.

మోకాలు ఒక మూల, వేళ్ళు ఒక మూల పడతాయి. ఆయన ప్రతి ముక్కకీ జెర్సీ నంబరు వేస్తారు. గుండె దొర్లుకుంటూ వెళ్ళి వరాలు పాదానికి తగులుతుంది.

వరాలు దాన్ని కొంగున మూటగట్టి, కొంగు బొడ్లో దోపుకుని, గీత దాటుతుంది. "కబడ్డీ, కబడ్డీ," అని కూత అందుకుంటుంది. ఆ ఊపిరి నాదే. గొడ్డలి ఆమె భుజాన్ని చీలుస్తుంది. కూత తెగదు. ఆమె వేలు దొరబాబు గారి గొంతుకి తగులుతుంది.

"ఔటేనండి," అంటారాయన. ఊపిరంతా కక్కేసి ఖాళీ చొక్కాలా కూలిపోతారు.

పాయింటొస్తే ఔటైనవాళ్ళలో ఒకరు లేవచ్చు. ఆ నియమం సంఘం కూడా మార్చలేదు. నా కుడి చెయ్యి లేచి, మట్టి దులుపుకుని, వరాలు చెయ్యి పట్టుకుంటుంది.

నేనింకా చాలా ముక్కలున్నాను. జనం ఎప్పుడో వెళ్ళిపోయారు. గ్యాలరీ నిండా సంఘం అధికారులు ఒళ్ళో రంపాలు పెట్టుకుని కూర్చున్నారు. వరాలు వాళ్ళ వైపు తిరిగి, రొమ్ము నిండా ఊపిరి పీల్చుకుంటుంది.