ఒకే గిన్నె

బేతంచెర్లలో జపాను చూపిస్తానని జీవిత అన్నప్పుడు వీధంతా పగలబడి నవ్వింది. నవ్వేవాళ్లను నవ్వనీ అనుకుంది జీవిత. మహా మొండిపిల్ల. పాలిషింగు ఫ్యాక్టరీలో బిల్లులు రాస్తూ, బండలు కోసే రంపాల రొదలోనే చెవులకు ఫోను తగిలించుకుని జపాను భాష నేర్చుకుంది. అలాంటిది వీధి నవ్వులకు లొంగుతుందా?

సంగతేమిటంటే, జపానులో పాతకాలపు రాళ్లదారుల వెంట యాత్రికులను నడిపించే కంపెనీ ఒకటుంది. అక్కడి పల్లెలు, మర్యాదలు, తేనీటి విందు అన్నీ చూపిస్తూ సాయంత్రానికి విడిది చేరుస్తారు. మనవైపు నుంచి వచ్చేవాళ్లకు గైడు కావాలన్నారు. జీవిత అన్ని పరీక్షలూ దాటి చివరిదానికి వచ్చింది. మీ ఊళ్లోనే ముగ్గురిని ఆ దారిలో నడిపిస్తున్నట్టే నడిపించు, మేం వీడియోలో చూస్తాం అన్నారు. షరతు ఒక్కటే. బయల్దేరినవాళ్లందరినీ చివరిదాకా తీసుకెళ్లాలి. ఒక్కరు మధ్యలో వెళ్లిపోయినా ఉద్యోగం లేదు.

మేనత్త విశ్వాసమ్మ, పక్కింటి బషీరాబీ ఒప్పుకున్నారు. మూడోమనిషిగా బసవన్న తనంతట తనే వచ్చాడు. ఊరి బయట నాపరాయి గని ఆయనది. డాక్టరు రోజూ నడవమన్నాడట. "నేనూ వస్తా పాపా, జపాను ఊరికే చూసినట్టుంటాది" అన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. జీవిత చదువును పదిమందిలో మెచ్చుకున్నవాడే. కానీ ఆయన గనిలో ఏళ్ల తరబడి రాళ్లు మోసిన విశ్వాసమ్మకు, ఆయన ఇంటి అరుగు కింద కాఫీ ఇస్తే పేపరు గ్లాసులోనే. అరుగు మీద కూర్చున్నవాళ్లకు స్టీలు గ్లాసులు. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ నోరెత్తరు.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. గనికి పోయే బండిదారి నిండా పగిలిన నాపరాళ్లు. జీవిత ఫోనును కర్రకు బిగించి పట్టుకుంది. అందులో కంపెనీ తరఫున చూస్తున్న హనాదా అనే పెద్దావిడ, నెరిసిన జుట్టు, నవ్వెరగని ముఖం. జపాను భాషలో ఒక మాట, తెలుగులో ఒక మాట చెబుతూ జీవిత నడిపించింది. ఇక్కడ కొండ మలుపు అనుకోండి, ఇక్కడ చెక్క ఇళ్ల పల్లె, ఎవరైనా ఎదురైతే ఇట్లా నడుం వంచాలి. తుమ్మకొమ్మకు ముందే కట్టి ఉంచిన గంటను చూపించి, ఒక్కొక్కరూ కొట్టాలంది. విశ్వాసమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"గుడి గంట నేను కొట్టను పాపా. పాస్టరుకు తెలిస్తే బాగుండదు."

"గుడి గంట కాదత్తా. ఆడ దారిలో ఎలుగుబంట్లు రాకుండా కొడతారు."

"అట్లయితే సరే" అని ఊరంతా వినేట్టు వాయించింది. బషీరాబీ నవ్వలేక రాయి మీద కూలబడింది. బసవన్న పెళ్లికి వచ్చినవాడిలా హుషారుగా ఉన్నాడు. ఇక గట్టెక్కినట్టే అనుకుంది జీవిత.

వేపచెట్టు నీడలో చాప పరిచింది. చెప్పులు విప్పించి ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టింది. మొదటిది ముఖ్య అతిథి చోటు. అక్కడ అత్తను కూర్చోబెట్టింది. మట్టిగిన్నెలో ఆకుపచ్చ పొడి వేసి, ఫ్లాస్కులోని వేన్నీళ్లు పోసి, వెదురు కుంచెతో చిక్కగా కలిపింది.

"గోరింటాకు తాగిస్తాండావేమే?" అంది బషీరాబీ.

"ఇది వాళ్ల చిక్కటి టీ. అందరూ ఒకే గిన్నెలో తాగాల. తాగినాక అంచు తుడిచి పక్కనోళ్లకు అందించాల."

విశ్వాసమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. అంచును తుడిచిందే తుడిచింది, గుడ్డ అరిగిపోయేలా. బషీరాబీ తాగి, "యా అల్లా, వేపాకు నయం" అంటూ గిన్నెను బసవన్న వైపు చాపింది. బసవన్న చెయ్యి చాపలేదు.

"నాకొద్దులే పాపా. షుగరుండాది."

"దీంట్లో చక్కెర లేదు తాతా."

ఆయన సంచిలోంచి తన స్టీలు గ్లాసు తీశాడు. "దీంట్లో రోంత వెయ్యి."

ఏమైందని హనాదా అడిగింది. విడిగా గ్లాసు కావాలంటున్నారని జీవిత చెప్పింది. "ఇవ్వండి" అంది హనాదా. "ఈమధ్య మా దగ్గరా విడివిడిగానే ఇస్తున్నారు. అతిథికి ఇబ్బంది కలగకూడదు."

అంతే. గిన్నె వంచితే చాలు, ఉద్యోగం చేతికొచ్చినట్టే. జపాను మాటలు అర్థం కాకపోయినా అత్తకు సంగతి అర్థమైంది. "పొయ్యి పాపా, ఆయనకు పొయ్యి. నాకేం బాధ లేదు" అంది, తలెత్తకుండా. ఆ వంగిన తల చూసేసరికి జీవితకు ఒళ్లు మండిపోయింది. జపానువాళ్లు విడిగా తాగేది జబ్బులకు భయపడి. ఈయన దేనికి భయపడుతున్నాడు?

"లేదు తాతా. గిన్నె ఒకటే. నీకన్నా ముందు తాగింది మా అత్త, అంతే కదా."

బసవన్న ముఖం కందిపోయింది. గ్లాసు సంచిలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మిగిలిన టీ జీవిత తాగేసింది. ఇద్దరినీ గని చివరిదాకా నడిపించింది. అక్కడ నిలబడి, ఆయన ఎందుకు వెళ్లాడో హనాదాకు ఉన్నదున్నట్టు చెప్పింది. "నిబంధన మార్చలేను. మీరు ఒకరిని పోగొట్టుకున్నారు" అంది ఆవిడ. "కానీ ఉన్నది దాచకుండా చెప్పారు. వచ్చే శనివారం ఇంకొక్కసారి నడిపించండి. ముగ్గురూ చివరిదాకా రావాలి."

"మా అబ్బాయి ముబీను వస్తాడులే, ఇంకెందుకు దిగులు" అంది బషీరాబీ తిరిగొచ్చేటప్పుడు.

"ముబీను తాగుతాడని నాకు తెలుసు పిన్నీ. అది పరీక్ష కాదు."

ఆ సాయంత్రమే బసవన్న ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. జీవిత అడగకుండానే అరుగెక్కి ఎదురుగా నిలబడింది.

"శనివారం మళ్లీ నడక ఉండాది తాతా. టీ కూడా ఉండాది. గిన్నె ఒకటే. వస్తావా?"

బసవన్న పేపరు దించలేదు. "నాకు పనులుండాయి."

జీవిత కదల్లేదు. ఆయన ఆ మాటే మళ్లీ అన్నాడు. అయినా కదల్లేదు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన భార్య శివలీల కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దాటి వచ్చింది. ఇన్నాళ్లూ ఆ పేపరు గ్లాసులు కిందికి అందించిన చెయ్యి ఆవిడదే. మొగుడి వైపు చూడలేదు.

"నేనొస్తా పాపా" అంది. "మీ అత్త పక్కన నన్ను కూర్చోబెట్టు."