నలభై మూడో మనిషి

"పాస్‌పోర్టు లేదు," అన్నాడు గొంజాలో, మూడోసారి జేబు తడుముకుంటూ.

విమానానికి ఇంకా నాలుగు గంటలే ఉన్నాయి. రేపు మాడ్రిడ్‌లో అతని కూతురికి గుండె ఆపరేషన్. అతను ఒదాలిస్ ఇంట్లో దిగిన అతిథి. వెళ్లేముందు ఐస్‌క్రీమ్ తినిపిద్దామని ఈ దుకాణానికి తీసుకొచ్చింది ఆమే.

ఆమె మరిది ఒస్నియెల్ అప్పటికే పోలీసును పిలుచుకొచ్చాడు. పొద్దుట్నుంచీ తానూ ఈ క్యూలోనే ఉన్నానని, ఎర్రచొక్కావాడొకడు ఇందులోంచే సముద్రపొడ్డు గోడవైపు పరిగెత్తాడని చెప్పాడు.

"నడు వదినా, ఇక్కడే నిలబడితే వాడు దొరకడు."

పోలీసు కదలబోయాడు. మెట్లమీద కూర్చున్న ముసలావిడ ఎనెయిదా చేతికర్ర అడ్డం పెట్టింది.

"క్యూలోంచి మనిషి పోతే క్యూకి తెలీదా నాయనా?"

హవానాలో ఎవరూ వరసలో నిలబడరు. వచ్చినవాళ్లు చివరెవరని అడిగి, తమ వంతు ఆ మనిషి వెనకేనని ముఖం గుర్తుపెట్టుకుని, నీడ చూసుకుని కూర్చుంటారు.

"మొదట నేను. నా వెనకెవరు?" అని కేకేసింది ఎనెయిదా.

డామినోలు వదిలేసి లావుపాటాయన లేచాడు. ఆయన వెనక నర్సు. ఆమె వెనక కవలల తల్లి. చెట్లకిందనుంచి, అరుగులమీదనుంచి జనం వచ్చి ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. తన ముందున్న ఈ బట్టతలను గంటనుంచి తిట్టుకుంటున్నానని, మరిచిపోయే ప్రశ్నే లేదని ఒకడన్నాడు. నిమిషంలో, చివరన ఒదాలిస్, గొంజాలోతో కలిపి నలభై రెండు మంది తేలారు. మధ్యలో ఒక్క ఖాళీ లేదు.

ఒదాలిస్ పుట్టినప్పట్నుంచీ క్యూల్లోనే బతికింది. ఇంతమంది ఒకర్నొకరు ఇలా కళ్లలో పెట్టుకుని ఉంటారని ఇవాళే చూసింది.

ఎవరూ పారిపోలేదు. వరస బయట మాత్రం ఒకడు మిగిలాడు.

"నువ్వెవరి వెనక నాయనా?" అనడిగింది ఎనెయిదా.

ఒస్నియెల్ నవ్వబోయాడు. "మరిచిపోయాను అవ్వా."

ఎవరూ నవ్వలేదు.

గొంజాలో మెల్లగా నోరు విప్పాడు. జేబుదొంగలున్నారు జాగ్రత్త అని తన చెవిలో చెప్పింది ఇతనేనట. అది విని పాస్‌పోర్టు ఉందో లేదోనని జేబుమీద చెయ్యి వేసుకున్నాడట, ఇతని ఎదురుగానే, ఏ జేబో తెలిసిపోయేలా.

పోలీసు కాగితం తీసి, ఫిర్యాదు ఎవరి మీద రాయమంటారని ఒదాలిస్‌ను అడిగాడు.

ఒస్నియెల్ ఆమెవైపే చూస్తున్నాడు. అచ్చం ఆమె చనిపోయిన భర్త కళ్లు.

"ఒస్నియెల్," అంది ఒదాలిస్, వరస మొదటిదాకా వినబడేలా. "నా మరిది. పాస్‌పోర్టు తీసింది వీడే."