సీసా మీది ముఖం

మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు నాకాడో కనకయ్యకే తెలియదు. అరచేతిలో ఒక చుక్క తేనె వేసుకోవడం, వచ్చినవాళ్ల ముందు నాకి చూపించడం, తల ఊపడం, ఇదే పని. పక్కనున్న కాలేజీ పిల్ల ఉష హిందీలో గడగడా చెప్పుకుపోతోంది. "దేఖియే, పహలే ఖుద్ చఖ్తే హై. ఏక్‌దమ్ అసలీ జంగల్ కా షహద్!" ముందు తాను రుచి చూసి, అసలైన అడవి తేనె అంటూ ఇచ్చే ఈ పద్ధతికి జనం ముచ్చటపడుతున్నారు. అతన్నొక ఫోటో తీసుకుని, నూట ఇరవై రూపాయలిచ్చి, సీసా సంచిలో వేసుకుని పోతున్నారు. నవంబరు నెల, గాలి చల్లగానే ఉంది. అయినా కనకయ్య వీపు మీద చెమట పోస్తోంది. ఒంటి మీద చొక్కా కూడా లేదు. స్టాలు పెట్టినవాళ్లు చొక్కా వేసుకోవద్దన్నారు, భుజం మీది విల్లు దించొద్దన్నారు.

ఢిల్లీ అశోకా రోడ్డులో ఒక గెస్ట్ హౌస్ ఆవరణలో మూడు రోజుల ప్రదర్శన అది, ఇవాళ ఆఖరి రోజు. పులుల అడవుల అంచున బతికేవాళ్లు తెచ్చిన సరుకు అమ్ముతారు. కనకయ్యది నల్లమలలో నలభై రెండు గుడిసెల చెంచు గూడెం, వాళ్ల మాటలో పెంట. నాలుగేళ్ల కిందట ఒక సంస్థవాళ్లు ఆ పెంటకి వచ్చి ఒక ఒప్పందం చెప్పారు. మీరు ఉచ్చులు తీసేయండి, ఎండాకాలం అడవి అంటుకోకుండా కాపలా కాయండి. మీ తేనె కిలో అరవైకి మేం కొంటాం, లోపలి అడవిలోకి పోనిచ్చే కార్డులు అటవీ ఆఫీసు నుంచి మేం ఇప్పిస్తాం. పెంట నమ్మింది. ఉచ్చులు నిజంగానే తీసేసింది. ఆ మాట మాత్రం ఎవడూ కాదనలేడు.

ఇప్పుడు ప్రతి సీసా మీదా కనకయ్య ముఖమే. కొండ చరియకి వేలాడుతూ తేనెపట్టు కోస్తున్న ఫోటో అది. పైన తాడు పట్టుకున్న బామ్మర్ది ఫోటోలో పడలేదు. చెంచుల్లో తాడు ఎప్పుడూ పెండ్లాం అన్నో తమ్ముడో పట్టుకుంటాడు. తోడబుట్టినదాని తాళి తెంపడు గదా, అందుకని.

ముఖం కనకయ్యదే. సీసాలో ఉన్నది మాత్రం అతను కోసిన తేనె కాదు.

పెంటవాళ్లు ఎండాకాలం తీసిన తేనె డ్రమ్ముల్లో పోసి సంస్థ షెడ్డులో పెట్టారు. రావలసిన లారీ వానలన్నీ అయిపోయాక వచ్చింది. అప్పటికి తేనె పులిసి నురగలు కక్కింది. ఢిల్లీలో స్టాలు ఖాయమైపోయింది, లేబుళ్లు అచ్చయిపోయాయి. సంస్థ ఉద్యోగి సుధీంద్ర ఇక్కడే ఒక టోకు వ్యాపారి దగ్గర ఎనిమిది డబ్బాల బజారు తేనె కొని సీసాలు నింపించాడు.

మొదటి రోజు మొదటి చుక్కకే కనకయ్య నాలుకకి తెలిసిపోయింది. గొంతులో ఘాటు లేదు, పూల వాసన లేదు. ఉత్త చక్కెర పాకం.

"సారూ, ఇది మాది గాదు," అన్నాడు ఆ రోజే.

సుధీంద్ర నేల చూపులు చూశాడు. "తెలుసు కనకయ్యా. నాకు మాత్రం సిగ్గుగా లేదనుకుంటున్నావా? మూడోరోజు నాలుగింటికి నిధులిచ్చేవాళ్లు వస్తారు. వాళ్లకి నచ్చిందా, ఇంకో మూడేళ్లు పథకం ఉంటుంది, మీ కార్డులుంటాయి. నచ్చలేదనుకో, నా ఉద్యోగం సంగతి అలా ఉంచు, మీవాళ్లని అడవిలో అడుగు పెట్టనివ్వరు. ఈ మూడు రోజులు ఎలాగోలా గట్టెక్కించవయ్యా, నీకు పుణ్యముంటుంది."

కనకయ్య గట్టెక్కిస్తున్నాడు. అమ్మే మాటలు ఉషవి, భాష తనది కాదు. నోరు విప్పకపోతే అబద్ధమాడినట్టు కాదని మనిషి తనకి తాను చెప్పుకోగలడు. రెండున్నర రోజులు చెప్పుకున్నాడు కూడా. కానీ అన్నం ముందు కూర్చుంటే ఆ పాకం తీపే నాలుకకి తగిలి ముద్ద దిగడం లేదు. పాపం ఉషకి ఇదేమీ తెలియదు. అంకుల్, అంకుల్ అంటూ నీళ్లు తెచ్చిస్తుంటే అతనికి ఆ పిల్ల ముఖం చూడాలంటేనే సిగ్గుగా ఉంది.

మూడున్నరకి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. బోర్డు మీది తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఆవిడ ముఖం విప్పారింది.

"యాడి చెంచోళ్లయ్యా మీరు? నల్లమలనా? అయ్యో, మాది అచ్చంపేటనే! నన్ను రాజేశ్వరమ్మ అంటరు. ముప్పై యేండ్లాయె ఈడికొచ్చి. వసంత్ కుంజ్‌ల ఉంటం."

కనకయ్య బల్ల మీదికి వంగాడు. మూడు రోజుల్లో తనతో తన యాసలో మాట్లాడిన మొదటి మనిషి.

"మా ఆయనకి షుగరు బిడ్డా," అంది రాజేశ్వరమ్మ. "కాలికి పుండు లేసింది. ఆర్నెల్ల సంది మానుతలేదు. వేలు తీసెయ్యాలంటున్నరు. మా అమ్మ పుండ్ల మీద చెంచోళ్ల తేనె పెడుతుండె. ఈ ఊర్ల దొరికేదంత బెల్లం పాకమాయె. నువ్వు దొరికినవు, దేవుడు పంపినట్టే. నాలుగు సీసాలియ్యి."

ఉష సీసాలు తీసి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ కదల్లేదు.

"నువ్వు నాకి ఇయ్యవా? మీరు నాకి ఇస్తరు గద. నువ్వు నాకితే చాలు, నాకు నమ్మకం."

కనకయ్య అరచేతిలో చుక్క వేసుకున్నాడు. చెయ్యి పైకి లేవలేదు. వెనకాల సుధీంద్ర గడియారం చూసుకుంటున్నాడు. కొండ చరియ, కాళ్ల కింద లోయ, పైన తాడు గుర్తొచ్చాయి కనకయ్యకి. ఇక్కడ వేలాడుతున్నది తను కాదు. ఎక్కడో ఒక ఇంట్లో కాలు చాపుకుని కూర్చున్న ముసలాయన. తాడు తన చేతిలో ఉంది.

"వద్దమ్మా," అన్నాడు.

"ఏంది?"

"పుండు మీద పెట్టకు. ఇది మాది గాదు." ఆవిడ చేతుల్లోంచి సీసాలు ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నాడు. "ముఖం నాదే. తేనె మాది గాదు."

"కనకయ్యా!" సుధీంద్ర ముందుకొచ్చాడు. "నలభై రెండు ఇళ్లయ్యా!"

"ఎరికే సారూ. నా ఆడిది, పిల్లలు గూడ అండ్లనే ఉన్నరు."

రాజేశ్వరమ్మ మెచ్చుకుంటుందనుకుంటే పొరపాటు. అతన్ని ఎగాదిగా చూసింది. "మూడు దినాల సంది ఇదే అమ్మినవా?"

"అమ్మిన."

"నాకి మరీ అమ్మినవా?"

కనకయ్యకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని గేటు వైపు నడిచింది. ఉష కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంకుల్, నేను అందరికీ అసలీ అని చెప్పాను," అంది వచ్చీరాని తెలుగులో.

కనకయ్య విల్లు దించాడు. బల్ల కింద మడిచిపెట్టిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఒక సీసా దగ్గరికి లాక్కుని బొటనవేలి గోటితో లేబులు గీకసాగాడు. గట్టిగా అతికించారు. ఒక కన్నూ, చెంపా ఊడాయి. మిగతాది రాలేదు.

నాలుగైంది. గేటు దగ్గర రెండు తెల్లకార్లు ఆగాయి. కోట్లు వేసుకున్న నలుగురు నేరుగా ఈ స్టాలుకే వచ్చారు. నాకి ఇచ్చే పద్ధతి గురించి ముందే విన్నారు కాబోలు, వాళ్లలో పెద్దాయన నవ్వుతూ అరచెయ్యి చాపాడు.

కనకయ్య సగం గీకిన సీసా బల్ల మీద పెట్టాడు. జిగటగా ఉన్న చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"బిడ్డా," అన్నాడు ఉషతో, "ఇప్పుడు నేను మాట్లాడుత. నేను చెప్పిందే వీళ్లకి చెప్పు. ఒక్క ముక్క గూడ తగ్గియ్యకు."