పొట్టకు మూత

మా ఆయన పశువైద్య కళాశాలలో ఆవుల్ని చూసుకుంటారు. అక్కడ ఒక ఆవుకి డొక్కలో కిటికీ ఉంది. నేనేమీ కోతలు కొయ్యడం లేదు. ఆపరేషన్ చేసి, కడుపు దాకా కన్నం పెట్టి, దానికి రబ్బరు మూత బిగించారు. విద్యార్థులు మూత తీసి, భుజం దాకా చెయ్యి దూర్చి, సగం అరిగిన గడ్డిని పైకి తీసి పరీక్షిస్తారు. వేరే ఆవేదైనా మేత మానేస్తే, దీని కడుపులో రసం తోడి దానికి పట్టిస్తారు. ఈ ఆవు మాత్రం తనకేమీ పట్టనట్టు నెమరు వేసుకుంటూ నిలబడుతుంది. మూత తీయడం, పెట్టడం మా ఆయన పని. ఇంటికొచ్చాక, పెరట్లో స్నానం చేస్తేగాని గడప దాటనివ్వను.

అలాంటి మనిషికి అన్ననాళం ముడుచుకుపోయింది. ముద్ద సంగతి అటుంచి, పాలు కూడా దిగడం మానేశాయి. చిక్కి సగమయ్యారు. ఇలాగే ఉంటే దక్కరని ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. తర్వాత ఆవిడ మంచం దగ్గరికొచ్చి ఆయనకి నచ్చజెప్పింది.

"పొట్టకి నేరుగా దారి పెడదామండీ. జావ, పాలు అందులోంచే పోస్తారు. మిగతా వేళల్లో మూత పెట్టుకుంటే సరి."

మూత అన్న మాట చెవిన పడగానే మా ఆయన మంచం దిగి చెప్పులు వెతుక్కున్నారు.

"నాకొద్దు. ఇంటికి పోదాం పద."

బతిమాలాను, కసిరాను, ఏడ్చాను. ఊహూఁ. మొండితనానికి మా ఆయన పెట్టింది పేరు. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని వాకిలికి అడ్డంగా నిలబడ్డాను.

"ఎందుకొద్దో చెప్పందే కదలనివ్వను."

ఆయన గొంతు తగ్గించారు. "ఇక్కడా చదువుకునే పిల్లలున్నారు కదే. ఎంతమంది చేతులు పెడతారో ఏమో. గోళ్లు కూడా సరిగ్గా తీసుకోరు వెధవలు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఇందుకా అని ఒళ్లు మండింది. డాక్టరమ్మకి చెబితే ఆవిడ నవ్వు ఆపుకుంటూ గొట్టం తెచ్చి చూపించింది. పెన్సిలంత లావుంది. చివర చిన్న బిరడా.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇంతేనా?" అన్నారు. కాస్త చిన్నబుచ్చుకున్నట్టే అనిపించింది నాకు.

"ఇంతే. ఎవరూ చెయ్యి పెట్టరు. మీరు సరేనంటేనే ఇది కూడా," అంది డాక్టరమ్మ. "చెయ్యమంటారా?"

ఆయన గొట్టాన్ని తిరిగి ఆవిడ చేతిలో పెట్టారు. "మా ఆవునెవరూ అడగలేదు," అన్నారు. తర్వాత తల ఊపారు.

ఇంటికొచ్చాక నేనే గొట్టంలో జావ పోశాను. ఆయన కళ్లు మూసుకుని, "వెచ్చగా దిగుతోంది," అన్నారు. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. ఆయన తినలేకపోయినప్పటి నుంచీ నేను తలుపు చాటున నిలబడి, చప్పుడు కాకుండా నాలుగు మెతుకులు మింగుతున్నాను. ఆయన ఎదురుగా తినడానికి మనసొప్పేది కాదు. ఆ పూట ఆయనే మెల్లగా వచ్చి తలుపు తోశారు.

"దొంగలా ఏంటా తిండి. వచ్చి నా ఎదురుగా కూచో. నా కడుపు నిండింది."

కూచున్నాను. మొదటి ముద్దకే కన్నీళ్లు ఆగలేదు. ఆయన నా కంచంలోకే చూస్తున్నారు.

"కూరలో ఉప్పెలా ఉంది?"

"కాస్త ఎక్కువైంది."

"ఇన్నేళ్లకి ఒప్పుకున్నావు," అన్నారు.